హాజరు పట్టీలో పెన్సిల్ గీత: కోవిడ్ నాటి ఉత్తర్వుల్లో ఏది చట్టం, ఏది సలహా?

2020 మార్చి 29, ఆదివారం. దేశమంతా తలుపులు మూసుకుని అప్పటికి అయిదు రోజులు. ఆ రాత్రి నేను జీతాల లెక్కలు చూసే ఒక చిన్న ప్లాస్టిక్ యూనిట్ యజమాని ఫోను చేశారు. జీడిమెట్లలో నలభై రెండు మంది పనిచేసే షెడ్డు అది. కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఒకటి వాట్సాప్‌లో ఆయనకు అప్పటికే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. "మూసి ఉన్న రోజులకు కూడా కోత లేకుండా జీతం ఇవ్వాలట. ఇది చట్టమేనా, లేక మంచి మాట చెప్పడమా?" అని అడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మర్నాడు రిజిస్టరు ముందేసుకుని కూర్చుంటే చిక్కు ఇంకా స్పష్టంగా కనిపించింది. వెయ్యిలోపు మంది పనిచేసే చోట నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇచ్చెయ్యాలని అప్పటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పేది. అంటే చేతిలో వారం ఉంది. మార్చి 22 నుంచి హాజరు గడుల్లో ఏం రాయాలి? వచ్చారని రాస్తే అబద్ధం. రాలేదని రాస్తే తప్పు వాళ్లదైనట్టు. లేఆఫ్, అంటే యజమాని పని చూపించలేని రోజు, అని రాస్తే సగం జీతమే. చివరికి ఆ గడులన్నిటిలో పెన్సిల్‌తో సన్నటి గీత గీసి వదిలేశాను.

ఆ గీత స్థానంలో సిరాతో ఏం రాయాలో తేలడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో యజమానుల బల్లల మీద పడినన్ని కాగితాలు అంతకుముందు నాలుగేళ్లలో కూడా పడలేదు. వాటిలో ఏది ఎంత బరువైనదో తెలియక కొందరు ఇవ్వాల్సింది ఇవ్వలేదు. ఇంకొందరు అక్కర్లేని భయంతో గేటుకు తాళం తీయలేదు. రెండు చోట్లా నష్టపోయింది రోజు కూలీ మీద బతికే మనిషే. అందుకే ఇన్నేళ్ల తర్వాతైనా ఆ చిక్కుముడి విప్పి చూడాలి.

ఎవరి మాట చెల్లుతుంది?

మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. పారిశ్రామిక వివాదాలు, కార్మిక సంక్షేమం కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అంటువ్యాధి ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పాకకుండా చూడటం కూడా ఉమ్మడి జాబితాలోనిదే. దుకాణాలు, సంస్థల చట్టం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చేసుకున్నది. ఫ్యాక్టరీల చట్టం పార్లమెంటు చేసినదే అయినా ఇన్‌స్పెక్టర్లు రాష్ట్రం వాళ్లు, మినహాయింపులిచ్చే అధికారమూ రాష్ట్రానిదే. మామూలు రోజుల్లో ఈ పంపకం ఎవరికీ ఇబ్బంది కలిగించదు. మహమ్మారి వచ్చేసరికి అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

తెలంగాణ ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని బయటికి తీసింది. బొంబాయి ప్లేగు రోజుల్లో తెల్లదొరలు చేసిన నాలుగు సెక్షన్ల చిన్న చట్టం అది. దాని కింద మార్చి 22న జీవో 45 ఇచ్చి రాష్ట్రాన్ని మూసేసింది. రెండు రోజుల తర్వాత కేంద్రం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద దేశమంతటినీ మూసేసింది. మొదటి చట్టాన్ని ఉల్లంఘిస్తే, అధికారి ఉత్తర్వును ధిక్కరించినవారిని శిక్షించే అప్పటి శిక్షాస్మృతి 188వ సెక్షన్ వర్తించేది. రెండో చట్టం కింద ఏడాది దాకా, ఆ ఉల్లంఘన వల్ల ప్రాణాలు పోతే రెండేళ్ల దాకా జైలు పడుతుంది. ఒకే గేటుకు రెండు ప్రభుత్వాలు రెండు తాళాలు వేసినట్టయింది.

ఆ తాళాలు తెరుచుకునే రోజులు కూడా కలవలేదు. కేంద్రం మే 3 అంటే తెలంగాణ మే 7 అంది. కేంద్రం మే 17కు జరిపితే తెలంగాణ మే 29కి జరిపింది. దిల్లీ వార్తలు చూసి షిఫ్టు వేసుకున్నవాళ్లు హైదరాబాద్ రోడ్డు మీద ఆగిపోయారు. అప్పట్లో ఆధారపడదగిన సూత్రం ఒకటే. కేంద్రం పెట్టిన ఆంక్షలను రాష్ట్రం బిగించవచ్చు, సడలించడానికి వీల్లేదు. ఆ మాట కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. కాబట్టి రెండు కాగితాలు రెండు రకాలుగా చెబితే గట్టిగా ఉన్నదాన్నే పాటించాలి.

జీతం సంగతి

ఇక అసలు విషయానికి వద్దాం. చేతికొచ్చిన కాగితం ఏ జాతిదో గుర్తుపట్టడం ముఖ్యమని నేను అప్పుడే నేర్చుకున్నాను. సలహా ఒక జాతి, ఉత్తర్వు ఒక జాతి, చట్టం ఒక జాతి. మూడూ ప్రభుత్వ ముద్రతోనే వస్తాయి, మూడింటి భాషా ఒకేలా గంభీరంగా ఉంటుంది.

మార్చి 20న కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఎవరినీ తీసేయవద్దనీ, జీతం కోయవద్దనీ యాజమాన్యాలకు చెప్పమంది. అది సలహా. పాటించకపోతే శిక్ష ఫలానా అని చెప్పే సెక్షన్ ఏదీ దాని వెనుక లేదు. మార్చి 22 నాటి తెలంగాణ జీవో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లతో సహా అందరికీ పూర్తి జీతం ఇవ్వాలంది. మార్చి 29 నాటి హోంశాఖ కాగితం ఉత్తర్వు. విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చినది, కాబట్టి దాని వెనుక జైలు ఉంది. పరిశ్రమ అయినా దుకాణం అయినా లాక్‌డౌన్‌లో మూసి ఉన్న కాలానికి, ఇవ్వాల్సిన తేదీకి, కోత లేకుండా జీతం ఇవ్వాలన్నది అందులోని మూడో అంశం. కూలీల దగ్గర నెల రోజుల అద్దె అడగవద్దని ఇంటి యజమానులకూ అందులోనే చెప్పారు. అయితే ఆ ఉత్తర్వు నేరుగా రాసింది రాష్ట్ర ప్రభుత్వాలకు. యజమానుల చేత ఇలా చేయించండి అని.

ఈ రెండింటి కిందా కదలకుండా ఉన్నది చట్టం. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ అనే మాటకు అర్థం ఉండేది. ముడిసరుకు లేక, కరెంటు లేక, ప్రకృతి విపత్తు వల్ల యజమాని పని చూపించలేకపోతే అది లేఆఫ్. యాభై మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న ఫ్యాక్టరీలో, ఏడాది సర్వీసు నిండినవారికి మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం ఇవ్వాల్సి ఉండేది. మా యూనిట్‌లో నలభై రెండు మందే. మరి సున్నాయా? కాదు. పని చూపించలేకపోయినంత మాత్రాన జీతం ఆపే హక్కు యజమానికి దానంతట అది రాదనీ, అది ఒప్పందంలోనో స్టాండింగ్ ఆర్డర్లలోనో (ఫ్యాక్టరీ సర్వీసు నియమాల్లోనో) ఉండాలనీ 1976లోనే ఫైర్‌స్టోన్ టైర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న యూనిట్ల యజమానులు చాలామంది ఈ సంగతి వినలేదు. యాభై లోపు ఉంటే ఏమీ ఇవ్వనక్కర్లేదని ఇప్పటికీ అనుకునేవాళ్లు నాకు ఎదురవుతూనే ఉంటారు.

కాబట్టి 2020 ఏప్రిల్‌లో ప్రశ్న ఇది. చట్టం సగం అంటుంటే ఉత్తర్వు పూర్తిగా ఇమ్మనవచ్చా? విపత్తు నిర్వహణ చట్టంలో ఖర్చును ప్రైవేటు యజమాని మీద వేసే అధికారం ఉందా? చిన్న పరిశ్రమల వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే మే 17న కేంద్రం కొత్త మార్గదర్శకాలిస్తూ పాతవాటిని మర్నాటి నుంచి ఉపసంహరించింది. పూర్తి జీతం ఉత్తర్వు కూడా వాటితోపాటే పోయింది. అది బతికి ఉన్నది సరిగ్గా యాభై రోజులు.

జూన్ 12న జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ ఎం.ఆర్. షాల ధర్మాసనం ఆ కేసులో, అంటే ఫైకస్ పాక్స్ కేసులో, మధ్యంతర ఆదేశాలిచ్చింది. ఆ యాభై రోజుల జీతం మీద యజమానులూ కార్మికులూ కూర్చుని మాట్లాడుకోవాలి, కుదరకపోతే కార్మిక శాఖ అధికారుల దగ్గరికి వెళ్లాలి, ఈలోగా యజమానుల మీద కఠిన చర్యలు వద్దు, వివాదం ఉందన్న కారణంతో పనికి వస్తామన్నవాళ్లను ఆపవద్దు. ఆ ఉత్తర్వు అసలు చెల్లుతుందా అన్న ప్రశ్నకు ఆ రోజు జవాబు రాలేదు.

మాట్లాడుకోండి అనడం వినడానికి బాగానే ఉంటుంది. యూనియన్ ఉన్న పెద్ద ఫ్యాక్టరీలో అది నిజంగా మాట్లాడుకోవడమే. యూనియన్ లేని షెడ్డులో, రెండు నెలల అద్దె బాకీ పడిన ఆపరేటర్ ఒకవైపు, మళ్లీ పనిలోకి తీసుకోవాలో వద్దో తేల్చే మనిషి ఇంకోవైపు కూర్చుంటే దాన్ని బేరం అనడానికి నాకు నోరు రాదు. మా యూనిట్‌లో మార్చికి పూర్తిగా, ఏప్రిల్‌కు సగం ఇచ్చారు. జూలైలో కాగితం రాసుకుని, నలభై రెండు సంతకాలు తీసుకుని, ఇంకో పావు భాగం ఇచ్చారు. అప్పుడు ఆ పెన్సిల్ గీతలు చెరిపి సిరాతో రాశాను. చుట్టుపక్కల షెడ్లతో పోలిస్తే అది మేలే. చట్టప్రకారం వాళ్లకు దక్కాల్సినదానికన్నా తక్కువే అని నా నమ్మకం.

ప్రభుత్వం కూడా యజమానే

ప్రైవేటు వాళ్లు పూర్తి జీతం ఇవ్వాలని ఉత్తర్వులు వచ్చిన వారంలోనే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ ఉద్యోగుల జీతాలను వాయిదా వేశాయి. ఐఏఎస్ అధికారులకు అరవై శాతం, చాలామంది ఉద్యోగులకు సగం, నాలుగో తరగతి వాళ్లకు పది శాతం నిలిపివేశారు. పింఛనుదార్లనూ వదల్లేదు. ఖజానా ఎండిపోయిన మాట నిజం. అయినా ఏ చట్టం కింద ఆపారన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు ఆ ప్రశ్న అడిగాక, జూన్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. విపత్తులో, ప్రజారోగ్య అత్యవసర స్థితిలో యాభై శాతం వరకు వాయిదా వేసే అధికారం అందులో రాసుకుంది. అంటే జీతం ఆపింది మార్చిలో, ఆపే అధికారం పుట్టింది జూన్‌లో.

ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకో మలుపు తిరిగింది. వాయిదా వేసిన జీతాలు, పింఛన్లు పన్నెండు శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు 2020 ఆగస్టులో చెప్పింది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళితే, 2021 ఫిబ్రవరిలో వడ్డీని ఆరు శాతానికి తగ్గించారు గానీ సూత్రాన్ని మాత్రం నిలబెట్టారు. చేసిన పనికి జీతం, గతంలో చేసిన సేవకు పింఛను ఉద్యోగి హక్కు. ఆలస్యానికి మూల్యం చెల్లించాలి. ప్రైవేటు ఫ్యాక్టరీ కార్మికుడికి ఇలాంటి స్పష్టమైన తీర్పు దొరకలేదన్నదే నా బాధ. ఆపిన జీతానికి వడ్డీ మాట అతని విషయంలో ఎవరూ ఎత్తలేదు.

పన్నెండు గంటల రోజు

జీతం ఉత్తర్వు యజమానుల మీద బరువు వేసింది. పని గంటల నోటిఫికేషన్లు ఆ బరువును కార్మికుల మీదికి జరిపాయి. 2020 వేసవిలో రాష్ట్రాల కాగితాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి ఇవే. కాస్త నిదానంగా చూద్దాం.

అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వయోజన కార్మికుడితో రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదు. అయిదు గంటలకు ఒకసారి కనీసం అరగంట విరామం ఇవ్వాలి. మించితే ఆ గంటలకు రెట్టింపు కూలి. ఇదే 59వ సెక్షన్. అదే చట్టంలో 5వ సెక్షన్ ఉండేది. పబ్లిక్ ఎమర్జెన్సీలో ఒకేసారి మూడు నెలలకు మించకుండా ఫ్యాక్టరీలకు మినహాయింపు ఇచ్చే అధికారం అది రాష్ట్రానికి ఇచ్చేది. పబ్లిక్ ఎమర్జెన్సీ అంటే ఏమిటో కూడా అక్కడే రాసి ఉంది. యుద్ధం, విదేశీ దాడి లేదా అంతర్గత అలజడి వల్ల దేశ భద్రతకు ముప్పు వచ్చిన స్థితి.

2020 ఏప్రిల్ 17న గుజరాత్ ఈ సెక్షన్‌ను వాడింది. రోజుకు పన్నెండు గంటలు, వారానికి 72 గంటలు. విరామం ఆరు గంటల తర్వాత. అదనపు గంటలకు మామూలు కూలి లెక్కనే ఇస్తే చాలు, రెట్టింపు అక్కర్లేదు. ఏప్రిల్ 20 నుంచి జూలై 19 దాకా ఒకసారి, అక్టోబరు 19 దాకా ఇంకోసారి.

ఇందులో ఎంత డబ్బు ఉందో ఒక మనిషి లెక్కలో చూడండి. గంటకు అరవై రూపాయలు వచ్చే కార్మికుడు వారానికి 72 గంటలు చేశాడనుకుందాం. నోటిఫికేషన్ ప్రకారం అతనికి వచ్చేది 4,320 రూపాయలు. చట్టం ప్రకారమైతే 48 గంటలకు 2,880, మిగతా 24 గంటలకు రెట్టింపు లెక్కన మరో 2,880, మొత్తం 5,760. వారానికి తేడా 1,440 రూపాయలు. పదమూడు వారాలకు 18,720. అతని నెలన్నర మామూలు జీతానికి సమానం వస్తుంది మీరు లెక్క కట్టి చూస్తే. అలసట మాత్రం ఈ లెక్కలోకి రాదు.

గుజరాత్ ఒక్కటే కాదు. రాజస్థాన్, పంజాబ్, హర్యానా, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాలూ గంటలు పెంచాయి. ఉత్తరప్రదేశ్ మే 8న ఇచ్చినదాన్ని అలహాబాద్ హైకోర్టులో వ్యాజ్యం పడగానే వారం తిరిగేసరికి వెనక్కి తీసుకుంది. రాజస్థాన్ మే నెలాఖరులో ఉపసంహరించుకుంది. కర్ణాటక మే 22న రోజుకు పది గంటలు చేసి, జూన్ 11న రద్దు చేసింది. ఆ ఇరవై రోజులకు షిఫ్టులు మార్చి, గేటు దగ్గర బోర్డు మార్చి, మళ్లీ పాత బోర్డు పెట్టుకున్న ఫ్యాక్టరీల సంగతి ఊహించుకోవచ్చు.

ఉత్తరప్రదేశ్ ఇంకా పెద్ద అడుగు వేయబోయింది. మూడేళ్లపాటు దాదాపు అన్ని కార్మిక చట్టాల నుంచీ మినహాయింపు ఇచ్చే ఆర్డినెన్స్‌ను మే మొదటి వారంలో ఆ రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. వెట్టిచాకిరీ నిషేధం, నిర్మాణ కార్మికుల చట్టం, ప్రమాద పరిహారం, జీతం గడువు లాంటి కొన్నిటినే మిగిల్చింది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. ఫలానా రాష్ట్రంలో కార్మిక చట్టాలు లేవట అని ఇక్కడి యజమానులు నన్ను అడిగారు కూడా. ఉమ్మడి జాబితాలోని విషయంలో కేంద్ర చట్టానికి ఎదురుగా రాష్ట్రం శాసనం చేయాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. మంత్రివర్గం ఆమోదించిన రోజుకూ, చట్టం మారిన రోజుకూ మధ్య అంత దూరం ఉంది. శీర్షిక చూసి జీతాల పద్ధతి మార్చుకున్నవాడు చట్టాన్ని ఉల్లంఘించినవాడే అవుతాడు.

గుజరాత్ నోటిఫికేషన్ల మీద తీర్పు అక్టోబరు 1న వచ్చింది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ కె.ఎం. జోసెఫ్ రెండింటినీ కొట్టేశారు. మహమ్మారి తీవ్రమైనదే, ఆర్థిక వ్యవస్థ దెబ్బతిన్నదీ నిజమే, కానీ అది దేశ భద్రతకు ముప్పు తెచ్చే అంతర్గత అలజడి కాదు, కాబట్టి 5వ సెక్షన్ వర్తించదు అన్నారు. ఆర్థిక నష్టాన్ని అలసిన కార్మికుడి భుజాల మీద దింపడం కుదరదని కూడా అన్నారు. అక్కడితో ఆగలేదు. ఆ కాలంలో పనిచేసిన వాళ్లందరికీ 59వ సెక్షన్ ప్రకారం ఓవర్‌టైమ్ ఇవ్వాలని ఆదేశించారు. అయిదున్నర నెలల కిందటి నుంచి లెక్క తిరగదోడి కట్టాలన్న మాట. గెజిట్‌లో అచ్చయిన నోటిఫికేషన్‌ను నమ్మిన యజమాని కూడా బాకీదారే అయ్యాడు. చట్టంలో ఉన్న అర్థానికీ నోటిఫికేషన్‌కూ పొంతన లేదని అనుమానించి, రెట్టింపు కూలి ఇస్తూనే పోయినవాడికి ఏ భారమూ పడలేదు.

మూడు వందల రూపాయలు

ప్రావిడెంట్ ఫండ్ మార్పు చిన్నదే, కానీ ఎక్కువ మంది తప్పుచేసింది ఇక్కడే. 2020 మే, జూన్, జూలై జీతాలకు చందాను పన్నెండు శాతం నుంచి పదికి తగ్గించారు. ఉద్యోగి వాటా పది, యజమాని వాటా పది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో యజమాని వాటా మాత్రం పన్నెండే. వంద మందిలోపు ఉండి, తొంభై శాతం మందికి పదిహేను వేలలోపు జీతం ఉన్న చోట ప్రభుత్వమే ఇద్దరి వాటానూ, అంటే 24 శాతం, కడుతోంది కాబట్టి అక్కడ తగ్గింపు వర్తించదు.

పదిహేను వేల మూలవేతనం మీద పన్నెండు శాతం 1,800, పది శాతం 1,500. ఉద్యోగి వాటాలో మిగిలిన మూడు వందలు అతని చేతికే వస్తాయి. యజమాని వాటాలో మిగిలిన మూడు వందలు ఎవరివి? ఏడాదికి ఇంత అని మొత్తం ఖర్చు మీద ఒప్పందం రాసుకున్న ఉద్యోగి అయితే అవి కూడా అతనివే. ప్రభుత్వం ఆ సంగతి వివరణలో స్పష్టంగానే చెప్పింది. అయినా చాలా కంపెనీల జీతాల సాఫ్ట్‌వేర్లలో ఆ మూడు వందలు కంపెనీ ఖాతాలోనే ఉండిపోయాయి. మూడు నెలలకు తొమ్మిది వందలు. అడిగినవాళ్లు తక్కువ.

కార్మికుల బీమా పథకమైన ఈఎస్‌ఐలో ఉద్యోగం పోయినవాళ్లకు ఇచ్చే సాయాన్ని సగటు జీతంలో పావు నుంచి సగానికి పెంచారు. మార్చి 24 నుంచి ఆ ఏడాది చివరిదాకా తొంభై రోజుల వరకు తీసుకోవచ్చు. అది యజమాని కట్టేది కాదు కాబట్టి యజమాని చేయాల్సిందల్లా ఆ మాట కార్మికుడి చెవిన వేయడమే. ఆ చిన్న పని కూడా సరిగా జరగలేదని నా అనుభవం.

పుకార్లు, విశాఖ

ఏప్రిల్ మధ్యలో ఫ్యాక్టరీలు కొన్ని తెరవవచ్చన్నారు. వెంటనే ఒక భయం పాకింది. ఒక్క కార్మికుడికి పాజిటివ్ వచ్చినా డైరెక్టర్‌ను అరెస్టు చేస్తారనీ, ఫ్యాక్టరీకి మూడు నెలలు సీలు వేస్తారనీ. మార్గదర్శకాల్లో అలాంటి వాక్యమే లేదని ఏప్రిల్ 23న కేంద్ర హోం కార్యదర్శి రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. మే 1 నాటి ఉత్తర్వులో ఉద్యోగులందరి ఫోన్లలో కోవిడ్ సోకినవారి జాడ చెప్పే ఆరోగ్య సేతు యాప్ తప్పనిసరి, నూరు శాతం బాధ్యత సంస్థ అధిపతిది. మే 17 నాటి ఉత్తర్వులో అదే విషయం శక్తి మేరకు ప్రయత్నించండి అనే స్థాయికి దిగింది. పదహారు రోజుల తేడాలో తప్పనిసరి కాస్తా ప్రయత్నం అయింది. రెండో కాగితం చదవనివాళ్లు నెలల తరబడి స్మార్ట్‌ఫోను లేని మనుషులను గేటు దగ్గరే ఆపేశారు.

ఇలాంటి వాటి మీద అంత ధ్యాస పెట్టిన రోజుల్లోనే మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో నిలిపివేసిన ప్లాంటును మళ్లీ నడపబోతున్న సమయం అది. ఉష్ణోగ్రత కొలిచే యంత్రం గేటు దగ్గర ఉంటే సరిపోదు, ట్యాంకు లోపల ఏమవుతోందో చూడాలి అన్నది అందరికీ అప్పుడు తెలిసొచ్చింది. రెండు రోజులకే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. తెరిచాక మొదటి వారాన్ని పరీక్షా కాలంగానే చూడాలి, ఉత్పత్తి లక్ష్యాల వెంట పడవద్దు. మంచి సలహా. అయితే ప్రమాదకర రసాయనాల నిల్వ గురించిన నిబంధనలు అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచే ఉన్నాయి. వాటిని ఏ ఉత్తర్వూ సడలించలేదు. ఆ వేసవిలో కొత్త కాగితాల వెంట పడి పాత చట్టాన్ని మరిచిపోవడం ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు కనిపించదు.

పేరు రిజిస్టరులో లేని మనిషి

సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ నిర్మాణ స్థలం దగ్గర ఏప్రిల్ 29న వలస కార్మికులు రోడ్డెక్కారు. జీతం బకాయిలు ఇవ్వండి, ఊరికి పంపండి అన్నది వాళ్ల మాట. రెండు రోజులకు, మేడే నాడు, లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు పన్నెండు వందల మందితో మొదటి శ్రామిక రైలు కదిలింది. మన గడ్డ మీదనుంచి.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఏ కొత్త ఉత్తర్వూ లేకపోయినా అప్పటి చట్టం స్పష్టంగానే ఉండేది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలి, ఇచ్చి కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. చాలా చోట్ల ఆఫీసు సిబ్బందికి పూర్తి జీతం ఇచ్చిన కంపెనీలు, మా మనుషులు కాదు అంటూ ఈ కార్మికులను కాంట్రాక్టర్ మీదికి నెట్టేశాయి. ఆ కాంట్రాక్టర్ ఫోను అప్పటికే స్విచాఫ్. కొన్ని కంపెనీలు ఆ జీతాలను సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చులో చూపించవచ్చా అని అడిగాయి. జీతం ఇవ్వడం యజమాని బాధ్యత, సామాజిక సేవ కాదు అని కంపెనీ వ్యవహారాల శాఖ ఏప్రిల్ 10న తేల్చింది. జీతానికి పైన రోజు కూలీలకు ఇచ్చే అదనపు సాయాన్ని మాత్రం ఒక్కసారికి ఒప్పుకుంది.

2021లో రెండో అల వచ్చినప్పుడు కేంద్రం దేశమంతా మూయలేదు. నిర్ణయం రాష్ట్రాలకు వదిలింది. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ. తెలంగాణలో మే 12 నుంచి ఉదయం ఆరు నుంచి పది వరకే సడలింపు. విజయవాడలో ఒక శాఖ, హైదరాబాద్‌లో ఒక శాఖ ఉన్న దుకాణం రెండు రకాల షిఫ్టు పట్టీలు రాసుకోవాల్సి వచ్చింది. పూర్తి జీతం ఇవ్వాలన్న ఉత్తర్వు ఈసారి దేశవ్యాప్తంగా ఎవరూ ఇవ్వలేదు.

పైన చెప్పిన చట్టాల్లో చాలావరకు ఇప్పుడు పాతవైపోయాయి. 29 చట్టాలను కలిపి చేసిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో మూడింటిని పార్లమెంటు ఆమోదించింది ఆ మహమ్మారి ఏడాదిలోనే, సెప్టెంబరులో. రాష్ట్రపతి సంతకం సెప్టెంబరు 28న పడింది. గుజరాత్ తీర్పు వచ్చింది మరో మూడు రోజులకు.

ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. మహమ్మారి పబ్లిక్ ఎమర్జెన్సీ కాదు కాబట్టి మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పడానికి మూడు రోజుల ముందే, ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రత కోడ్‌లో మినహాయింపు ఇచ్చే సెక్షన్‌లోకి మహమ్మారి అనే మాట చేరిపోయింది. గడువు కూడా ఒకసారికి మూడు నెలలు కాదు, ఏడాది దాకా. పని గంటలైనా, ఓవర్‌టైమ్ అయినా, ఆ కోడ్‌లోని ఏ నిబంధన నుంచైనా ప్రభుత్వం పనిచేసే చోట్లకు మినహాయింపు ఇవ్వవచ్చు. ఇంకోసారి అలాంటి నోటిఫికేషన్ వస్తే, గుజరాత్ కార్మికులకు రెట్టింపు కూలి తిరిగి ఇప్పించిన వాదన అదే రూపంలో నిలవదు. అప్పుడు కోర్టు ముందు మిగిలేది, ఆ మినహాయింపుకు ప్రభుత్వం పెట్టిన షరతులు న్యాయమైనవేనా అన్న ప్రశ్న ఒక్కటే. ఆ షరతుల్లో అదనపు గంటకు కూలి ఎంతని రాశారన్నది జీతాల రిజిస్టరు రాసేవాళ్లు మొదటి రోజే చూడాలి.